ముగింపు మాట

పాలవాడు వచ్చి వెళ్ళాక, టీ గిన్నె ఇంకా పొయ్యి ఎక్కకముందే, వినోద గుమ్మం దగ్గర కోడళ్ళు చేరతారు. సూరత్‌లో సలాబత్‌పురాలోని ఆ సందులో ఉన్నవన్నీ సాంచాల మీద బతికే ఇళ్ళే. కరెంటు మగ్గాన్ని వాళ్ళు సాంచా అంటారు. ఒక కోడలి చేతిలో మామ మందుల డబ్బా ఉంటుంది. ఇంకో ఆమె చేతిలో ఏమీ ఉండదు, కోపం తప్ప.

"అత్తా, మా మామకు జర చెప్పు. ఇయ్యాల దవాఖానకు పోయేది ఉంది, అంగీ తొడుక్కొని కూసోమను."

"మా ముసలాయనకు చెప్పు వినోదక్కా, బీడీ ముక్కలు పరుపు కింద పెడితె ఈసారి పరుపుతోని బయట పారేస్తనని."

"పారేస్తవన్న మాట గూడ చెప్పాల్నా?" అని వినోద అడుగుతుంది.

"గదే ముఖ్యం."

వినోద కొంగుతో చేతులు తుడుచుకుని అరుగు మీదికి వస్తుంది. గొంతు పెంచదు. పక్కన కూర్చున్న మనిషితో మాట్లాడినట్టు పేరు పెట్టి పిలిచి, చెప్పాల్సింది చెబుతుంది. సందు ఆ చివర మంచం మీద కూర్చున్న ముసలాయన తల తిప్పి, విన్నానన్నట్టు చెయ్యి ఎత్తుతాడు. పరుపు సంగతి చెప్పినప్పుడు మాత్రం వినపడనట్టు నటిస్తాడు. అది వేరే విషయం.

జీవితమంతా సాంచాల మధ్య నిలబడ్డ మనిషికి చెవులు పోతాయి. జ్వరంలా ఒక్కసారిగా పోవు. అంచు దగ్గర చిరిగిన బట్టలా కొంచెం కొంచెంగా పోతాయి. మొదట పిట్టలు పోతాయి, తర్వాత పిల్లల గొంతులు, ఆఖరికి భార్య గొంతు. ఆ చెవులకు ధర కట్టిన శేఠ్ సూరత్ చరిత్రలో ఒక్కడూ లేడు. బట్ట మీటరుకు ధర ఉంది, దారానికి ధర ఉంది, చెవికి లేదు. అలా పోయిన చెవులకు మిగిలేది ఒక్క వినోద గొంతే. సాంచా తిన్న చెవికి ఆమె మాట మాత్రం వినిపిస్తుంది. నల్లా నీళ్ళు పొద్దున వస్తాయన్నది ఎంత మామూలో, ఆ సందులో ఇదీ అంతే మామూలు. దాని గురించి ఎవరూ ప్రత్యేకంగా మాట్లాడుకోరు.

వినోద మాత్రం దాని గురించి రోజూ సాయంత్రం భయపడుతుంది.

కొడుకు రవీంద్ర ఇచ్ఛాపూర్ వైపు కొత్తగా కట్టిన ఖార్ఖానాలో పనిచేస్తాడు. పాళీ, అంటే షిఫ్టు, దిగి ఇంటికొచ్చి, గోడ వైపు తిరిగి చెప్పులు విప్పుతుండగా, అతని కూతురు రుచిత వెనక నుంచి పిలవాలి. అది నానమ్మ పెట్టిన పరీక్ష. "బాపూ" అని రుచిత పిలుస్తుంది. రవీంద్ర తిరిగితే వినోద ఊపిరి వదులుతుంది. తిరగకపోతే రుచిత ఇంకొంచెం గట్టిగా పిలుస్తుంది. ఈ మధ్య ఆ ఇంకొంచెం పెరుగుతూ వస్తోంది. వినోద మాత్రం వెనక నుంచి కొడుకును ఎన్నడూ పిలవదు. తను పిలిస్తే ఎలాగూ తిరుగుతాడు. తన పిలుపుకు మాత్రమే తిరిగే రోజు వస్తే తన కొడుకు కూడా ఆ మంచాల వరుసలో చేరినట్టే. దవాఖానలో చెవుల పరీక్ష ఉంటుందని రుచిత చాలాసార్లు చెప్పింది. దానికి వెళ్తే కాగితం వస్తుంది, కాగితం శేఠ్ దాకా పోతుంది, శేఠ్ పనిలోంచి తీసేస్తాడు. అందుకని రవీంద్ర వెళ్ళలేదు.

వినోద పుట్టింది సిరిసిల్ల పక్క పల్లెలో. పెళ్ళయి, ఒక ట్రంకుపెట్టెతో భర్త నర్సింగం వెనక రైలు దిగేసరికి ఆమెకు సూరత్ అంటే చప్పుడే. రాత్రీ పగలూ ఆగని చప్పుడు. మొదటి ఏడాది నిద్రపట్టక ఏడ్చింది. రెండో ఏడాది పండక్కి సాంచాలు ఆపితే, ఆ నిశ్శబ్దంలో నిద్రపట్టక ఏడ్చింది.

ఆ పండగ మార్కండేయ జయంతి. ఆ రోజు సందులో పట్టెమంచాలు జోడించి, పైన జాజిమ్ పరిచి ఆట కట్టేవాళ్ళు. వాళ్ళలోనే ఎవరో నేతగాడు ఎప్పుడో అల్లిన కథ అది. దానికి పేరు లేదు. తల్లి ఆట అనేవాళ్ళు. కొడుకు ఆయుష్షు తెల్లారితే తీరుతుంది. చావు వచ్చి గడప బయట నిలబడుతుంది. మగ్గం మీద చెయ్యి ఆడినంతసేపు లోపలికి రాకూడదన్నది దానికి ఉన్న కట్టడి. తల్లి కొడుకు పక్కన కూర్చుని ఒకే మాట అంటుంది: "చెయ్యి ఆపకు బిడ్డా." కొడుకు తూలినప్పుడల్లా అంటుంది. ఆమె అన్న ప్రతిసారీ జనంలో కూర్చున్న మగవాళ్ళ చేతులు వాటంతటవే కదులుతాయి. బొటనవేలు, చూపుడువేలు కలిసి లేని దారాన్ని ముడేస్తాయి. చావు విసిగి వెళ్ళిపోతుంది. కానీ ఆట అక్కడ అయిపోదు. కొడుకు చెయ్యి ఇంకా ఆడుతూనే ఉంటుంది, అతను ఆపలేడు. అప్పుడు తల్లి ఆఖరి మాట అంటుంది: "తెల్లారింది బిడ్డా, చెయ్యి దించు." కొడుకు చెయ్యితో పాటు సందులోని చేతులన్నీ ఒక్కసారి ఒళ్ళోకి పడతాయి. ఆ మాట పడేదాకా ఎవరూ లేచి వెళ్ళకూడదు. పసిపిల్ల ఏడ్చినా అక్కడే ఊరుకోబెట్టాలి. ఆట సగంలో వదిలినవాడి చెయ్యి ఎన్నటికీ ఆగదంటారు.

వినోద వచ్చిన కొత్తలో తల్లి వేషం పరుశురాందే. మీసాలు తీసేసి, పమిట వేసుకుని కూర్చుంటే పెద్దముత్తయిదువలా ఉండేవాడు. చెవులు పోయినవాళ్ళకు అప్పట్లో వినిపించే గొంతు ఆయనదే. ఆయన భార్య చివరి జబ్బుతో పడుకున్నప్పుడు ఆమె వేళ్ళు గాల్లో దారం ముడేస్తూనే ఉన్నాయి. కండెలు చుట్టిన చేతులవి. ఒంట్లో ప్రాణం లేదు, చేతులు మాత్రం పని మానవు. రోజులు గడిచాయి. చూడలేక పరుశురాం ఆమె పక్కన కూర్చుని ముగింపు మాట అన్నాడు. ఆమె చెయ్యి దిగింది, కన్ను మూసింది. తెల్లారి నుంచి ఆయన మాట ఏ చెవిటివాడికీ వినిపించలేదు.

ఆ ఏడాది వేషం ఎవరూ ముట్టుకోలేదు. చీకటిపడ్డాక వంటింట్లో తల్లి మాటలు తనలో తాను అనుకుంటున్న వినోదకు, రెండిళ్ళ అవతలి ముసలాయన "ఎవరమ్మా అది?" అని అరవడం వినిపించింది. పరుశురాం వచ్చి ఆమెకు కొంగు కట్టడం నేర్పాడు, కూర్చోవడం నేర్పాడు. చివర్న ఒకటే చెప్పాడు.

"ఆట మీద అన్నప్పుడు ఆ మాట ఆటది. బయట అంటె నీది. నీది ఒక్కసారే ఉంటది, బిడ్డా."

ఆ తర్వాత ఆయన చాలాకాలం బతికాడు. పాత స్నేహితుల ముందు నోరు తెరిచి, వాళ్ళ ముఖాలు చూసి మళ్ళీ మూసుకునేవాడు. వినోద ఆ మూసుకునే నోరును మరిచిపోలేదు.

తల్లి ఆట చూసిన ఒక గుజరాతీ నాటక కంపెనీ మనిషి ఆమెను తీసుకెళ్ళాడు. వేషాలు దొరికాయి. పనిమనిషి, వితంతువు, మంత్రగత్తె, మళ్ళీ పనిమనిషి. తర్వాత సినిమాలు. మొదటి సినిమా వచ్చినప్పుడు సందు మొత్తం థియేటరుకు వెళ్ళింది. చెవుల్లేని ముసలివాళ్ళు ముందు వరసలో కూర్చున్నారు. బయటికొచ్చాక సోమలింగం అనే సాంచా కార్మికుడు, నర్సింగం దోస్తు, బెంగగా అన్నాడు. "నీ నోరు మెదిలింది చెల్లె. ఏం వినరాలె."

ఆమె గుజరాతీలో కరీంనగర్ వాసన ఉందట. అందుకని తెర మీద ముఖం వినోదది, గొంతు ఇంకెవరిదో. ఇన్నేళ్ళలో ఎన్ని సినిమాలు, ఎన్ని సీరియళ్ళు చేసినా అదే. ఒక సీరియల్లో కోడళ్ళను ఏడిపించే అత్తగా ఏళ్ళ తరబడి కనిపించింది. రింగ్ రోడ్ మార్కెట్లో చీరల దుకాణాలవాళ్ళు ఇప్పటికీ "బా, రండి" అని, గుజరాతీలో అమ్మా అని పిలిచినట్టు, కుర్చీ వేస్తారు. ఆమె మాట్లాడగానే వాళ్ళ మొహంలో చిన్న అనుమానం కనిపిస్తుంది. వాళ్ళకు తెలిసిన గొంతు అది కాదు. ముఖం తీసుకుని గొంతు పారేసిన లోకం అది. పత్తిలో గింజ తీసి పారేసినంత తేలిగ్గా పారేసింది.

నర్సింగం దగ్గి దగ్గి పోయాడు. ఇల్లు సీరియల్ మీదా, తర్వాత రవీంద్ర మీదా నడిచింది.

ఒక చలికాలం పొద్దున శేఠ్ కారు పంపాడు.

రవీంద్ర పనిచేసే కొత్త ఖార్ఖానా ఆయనదే. లోపలి నుంచి బట్ట తానులు పోతున్నాయని పాళీ మొదలవగానే షట్టరుకు బయట తాళం వేయిస్తాడు. పాళీ అయ్యాకే తీస్తారు. మధ్యలో ఎవరికో కడుపునొప్పి వచ్చి తలుపు కొడితే కావలివాళ్ళు తీసేస్తున్నారని, ఆఖరికి సోమలింగాన్ని కావలికి పెట్టుకున్నాడు. సోమలింగానికి చెవులు పూర్తిగా పోయాయి. ఎంత కొట్టినా వినపడదు. ముసలివాడికి పని ఇచ్చాడని సందులో శేఠ్‌ను పొగిడినవాళ్ళు ఉన్నారు. రుచిత ఒక్కతే పళ్ళు కొరికింది. ఆమె కాలేజీలో పుస్తకాలు తెగ చదువుతుంది. గోడల మీద రాసే మాటలు ఆమె నోట్లో ఎప్పుడూ ఉంటాయి.

"తాళం వేసిన తలుపు వెనక పని చేయించుడంటే అది ఖార్ఖానా కాదు బాపమ్మా, జైలు. సంకెళ్ళు తప్ప పోగొట్టుకునేది మనకేమీ లేదు."

"ఆ మాట ఎవరిది బిడ్డా?"

"పుస్తకంల ఉంది."

"నేను గూడ బతుకంత ఎవలో రాసిన మాటలే చెప్పిన," అంది వినోద. "నువ్వు చెప్పు. అంటాంటే ఒకనాటికి మనవైతయి."

శేఠ్ మర్యాదగా మాట్లాడాడు. వినోదాబేన్ సీరియల్ అంటే తన భార్యకు ప్రాణమని అన్నాడు, వేయించిన జీడిపప్పు తెప్పించాడు. సాంచాలు ఆడుతుంటే లోపల ఎవరికి చెప్పినా వినపడదనీ, పాళీ సగానికి సాంచా నడిపే కారీగర్లు తూలుతున్నారనీ, తల్లి ఆట గురించి తన మేనేజరు చెప్పాడనీ అన్నాడు. పెద్దగా ఏమీ అక్కర్లేదు, ఒక్క మాట. మైకుల్లో పెట్టుకుంటాం. అందరికీ కొంచెం హుషారు.

ఆమె ఆలోచించుకుంటానంది. ఆయన తల ఊపి, రవీంద్ర ఆరోగ్యం ఎలా ఉందని అడిగాడు. చెవి తగ్గుతోందని విన్నానన్నాడు. చెవి తగ్గిన మనిషిని సాంచా మీద పెట్టుకోవడం తనకైతే ఇష్టమేననీ, భాగస్వాములు ఒప్పుకోరనీ, ఆమె ఇంటి మనిషి అయితే ఒప్పించవచ్చనీ నవ్వుతూ అన్నాడు. జీడిపప్పు పళ్ళెం ఇంకొంచెం ముందుకు జరిపాడు.

ఆ భయంతో ఒప్పుకున్నానని ఆమె తర్వాత అనుకుంది. అది నిజమే కానీ మొత్తం నిజం కాదు. రింగ్ రోడ్ పక్కన మేడ మీది రికార్డింగు గదిలో గాజు వెనక కుర్రాడు వేలు ఎత్తి, "బా, మీరు మాట్లాడండి" అన్నాడు. ఇన్నేళ్ళలో మొదటిసారి మైకు ఆమె గొంతు కోసం పెట్టారు. ఆమె ఒళ్ళు పులకరించింది. కొంగు సర్దుకుని, లేని మగ్గం పక్కన కూర్చుని, తన నాలుక మీద పుట్టి పెరిగిన మాట అంది.

"చెయ్యి ఆపకు బిడ్డా."

కుర్రాడు బొటనవేలు చూపించాడు. అలవాటుగా ఆమె నోరు రెండో మాట కోసం తెరుచుకుంది. పరుశురాం గుర్తొచ్చి ఆగిపోయింది. ఇది ఆట కాదు. ఇక్కడ అంటే అది తనది అవుతుంది. నోరు మూసుకుంది. శేఠ్ అడిగింది కూడా అంతేనని కుర్రాడు అన్నాడు. మెట్లు దిగుతూ ఆమె ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. పుట్టి బుద్ధెరిగాక ఆటను సగంలో వదలడం అదే మొదలు.

మైకులు పెట్టిన తర్వాత రవీంద్ర ఇంటికొచ్చి, తల్లి గొంతు రోజంతా పక్కనే ఉన్నట్టుందని నవ్వాడు. బట్ట ఎక్కువ దిగుతోందట. ఆ రాత్రి అన్నం తింటుంటే అతని ఎడమ చేతి వేళ్ళు కంచం అంచున దారం ముడేశాయి. భార్య విజయశ్రీ ఆ చెయ్యి పట్టుకుంది. ఆమె పట్టులోనే అవి ముడేస్తూ పోయాయి. అతను నవ్వాడు, నవ్వు ఆగాక చేతికేసి చూసుకున్నాడు. ఎవరిదో చూస్తున్నట్టు చూసుకున్నాడు.

ఆ తర్వాతి రోజుల్లో కూడా అతని చేతులు ఆగలేదు. స్నానం చేస్తుంటే చెంబు మీద వేళ్ళు ఆడేవి, నిద్రలో దుప్పటి అంచును ముడేసేవి. పొద్దున లేచేసరికి ఆ అంచు నిండా చిన్న చిన్న ముళ్ళు ఉండేవి. విజయశ్రీ అవి విప్పుతూ కూర్చునేది. ఒకనాడు ఖార్ఖానాలో కరెంటు పోయింది. సాంచాలన్నీ ఆగినా మనుషుల చేతులు ఆగలేదట. ఆ చీకట్లో అందరూ నిలబడి గాలిని నేస్తూ ఉన్నారట. మరునాడు బుచ్చిరాములు అనే అతని రెండు వేళ్ళను పళ్ళ చక్రం తినేసింది. ప్రమాదం చూశాడు, చెయ్యి వెనక్కి తీసుకోవాలనుకున్నాడు, చెయ్యి ఆగలేదు. మేనేజరు అజాగ్రత్త అని రాసుకున్నాడు.

రుచిత నానమ్మ మంచం పక్కన నిలబడి అంది. "బాపమ్మా, వాళ్ళు నీ గొంతుతోని మా బాపుకు తాళం వేసిన్రు."

వినోద వెంటనే లేచింది. శేఠ్‌కు ఫోను చేసింది. ఆయన ఆమె గొంతును మెచ్చుకున్నాడు. పెళ్ళిళ్ళ సీజను ఆర్డర్లు అయిపోయాక చూద్దామన్నాడు. పిల్లవాడి పని గురించి బెంగ పెట్టుకోవద్దన్నాడు.

మరునాడు మధ్యాహ్నం ఆమె పట్టుచీర కట్టుకుంది. తల్లి ఆటకు కట్టే ముదురాకుపచ్చ చీర. రుచితను తీసుకుని ఆటో ఎక్కింది. ఏం చెయ్యాలో ఆమెకు తెలియదు. లోపలికి వెళ్ళి ఆ మైకు తీగ పీకాలి, అంతవరకే అనుకుంది. దారి పొడుగునా రుచిత మాట్లాడుతూనే ఉంది. యూనియన్, లేబర్ ఆఫీసు, కోర్టు అంది. వినోద చేతిసంచిని ఒళ్ళో గట్టిగా పట్టుకుని కూర్చుంది. వంతెన దాటుతుంటే, ఏదో కాలుతున్నట్టు అనిపించి అటూ ఇటూ చూసింది. హజీరా వైపు చిమ్నీలు ఎప్పుడూ కాలుతూనే ఉంటాయి. అదే అనుకుంది.

సోమలింగం షట్టరుకు వీపు పెట్టి, రోడ్డు వైపు ముఖం పెట్టి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. అలాగే కూర్చోమని శేఠ్ చెప్పాడు. వినోదను చూడగానే బోసినోటితో నవ్వాడు.

"చెల్లె, గింత ఎండల పట్టుచీర ఏంది? పెండ్లికా?"

ఆమె అతని తల మీదుగా పైకి చూసింది. రేకుల కింద జాలీ కిటికీలోంచి పొగ సన్నగా, తొందర లేకుండా బయటికొస్తోంది. లోపల సాంచాలు మామూలుగా ఆడుతున్నాయి. ఒక్క అరుపు లేదు. తలుపును ఒక్క చెయ్యీ కొట్టడం లేదు. ఆమెను నిజంగా భయపెట్టింది అది.

"అన్నా, తాళం తియ్యి."

"పాళీ కాలే కద. శేఠ్ తియ్యొద్దన్నడు."

"వెనక్కి చూడు."

చూశాడు. బొడ్లోంచి తాళంచెవి తీసి తాళం కోసం తడుముకున్నాడు. రుచితే చెవి లాక్కుని తాళం తీసి, దాన్ని మళ్ళీ అతని చేతిలో పడేసింది. ముగ్గురూ కలిసి షట్టరు ఎత్తారు.

వెనక మూలన మోటారు కింద పేరుకున్న దారపు నూగు అంటుకుంది. మంట ఇంకా పెద్దది కాలేదు. పొగ మాత్రం పైకప్పు నుంచి తలల దాకా దిగింది. ఆ పొగలో మనుషులు ఎవరి సాంచా దగ్గర వాళ్ళు నిలబడి ఉన్నారు. కళ్ళల్లో నీళ్ళు కారుతున్నాయి, దగ్గుతున్నారు, తలలు తలుపు వైపు తిరిగాయి. కాళ్ళు కదలాలని చూస్తున్నాయి. చేతులు మాత్రం కండె మారుస్తున్నాయి, తెగిన పోగు వెతుకుతున్నాయి, ముడేస్తున్నాయి. మూడో వరసలో రవీంద్ర. అతను తల్లిని చూశాడు. ఆ చూపు చిన్నప్పుడు తప్పిపోయి దొరికిన పిల్లవాడి చూపు. అతని వేళ్ళు ఆమెను చూడలేదు. పైన మైకులో ఆమె గొంతు నిదానంగా, ప్రేమగా అంటోంది.

"చెయ్యి ఆపకు బిడ్డా."

"బయటికి రండి," అని వినోద అరిచింది. అందరికీ వినపడింది. అందరి ముఖాల్లో వినపడినట్టు తెలిసింది. ఒక్క చెయ్యీ సాంచాను వదల్లేదు. రుచిత పరుగెత్తి తండ్రి నడుము పట్టి లాగింది. అతను వంగాడు, ఒరిగాడు, చెయ్యి చెక్కకు మేకు కొట్టినట్టు అక్కడే ఉంది. తీగ ఎక్కడుందో కనపడలేదు. స్విచ్చుల పలక మంట పక్కన ఉంది. తీగ పీకినా ఏం లాభం? సగంలో వదిలిన ఆట అది. వదిలింది తనే.

ఆమెకు పరుశురాం నోరు కనిపించింది. తెరుచుకుని, ముఖాలు చూసి, మూసుకునే నోరు. పొద్దున గుమ్మం దగ్గర కోడళ్ళు, సందు చివరి మంచం, పైకి లేచే చెయ్యి కనిపించాయి. సినిమా తీసుకోని గొంతు, మార్కెట్ గుర్తుపట్టని గొంతు. లోకంలో దాన్ని తమదనుకున్నవాళ్ళు ఈ చెవులు పోయినవాళ్ళే. ఒక్క క్షణం ఆమె ఉన్నచోటే ఆగింది. ఆ ఒక్క క్షణం ఆమె భయం కొడుకు కోసం కాదు, తన కోసం. తర్వాత ఆమె పొగలో నాలుగడుగులు లోపలికి వెళ్ళి, మగ్గం పక్కన తల్లి కూర్చున్నట్టు నేల మీద కూర్చుంది. అరవలేదు.

"తెల్లారింది బిడ్డా," అంది. "చెయ్యి దించు."

చేతులన్నీ ఒక్కసారి కింద పడ్డాయి.

మనుషులు నడిచి బయటికొచ్చారు. ఒకరినొకరు పట్టుకుని, దగ్గుతూ, రోడ్డు పక్కన ఎండలో కూలబడ్డారు. రవీంద్ర తల్లిని లేపి, భుజం మీద చెయ్యి వేసి తీసుకొచ్చాడు. వెనక మనిషి లేని సాంచాలు వాటి పాటికి అవి ఆడుతూ, పోగులు తెంపుకుంటూ ఉన్నాయి. మంట తీగ దాకా పోయేదాకా, ఎవరూ లేని ఖార్ఖానాలో ఆమె గొంతు చెయ్యి ఆపకు, చెయ్యి ఆపకు అంటూనే ఉంది. ఫైరింజన్ వచ్చేసరికి కప్పు రేకులు వంగిపోయాయి. లోపల మనుషులున్నారా అని వాళ్ళు అడిగితే రుచిత లేరని చెప్పింది. ఆ మాట చెబుతూ ఏడ్చింది. పుస్తకాల్లోని ఏ మాటా ఆమెకు ఆ వేళ గుర్తురాలేదు.

వినోద సోమలింగం దగ్గరికి వెళ్ళి, నీళ్ళు తాగావా అన్నా అని అడిగింది. అతను ఆమె పెదవుల వైపు చూశాడు. చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. ఆమె మళ్ళీ అడగలేదు.

మర్నాడు పాలవాడు వచ్చి వెళ్ళాడు. కోడళ్ళు గుమ్మం దగ్గర చేరారు. వినోద కొంగుతో చేతులు తుడుచుకుని అరుగు మీదికి వచ్చి, పేరు పెట్టి పిలిచింది. సందు చివర ముసలాయన రోడ్డు మీద కోడిని చూస్తూ కూర్చున్నాడు. ఇంకోసారి పిలిచింది. కోడి అవతలికి పోయింది. కోడళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పరుపు కింద బీడీల సంగతి చెప్పించే ఆమె మెల్లగా, "పోనీయి వినోదక్కా, నేనే పోయి చెప్త" అంది. ఒక్కొక్కరూ వెళ్ళిపోయారు. వెళ్ళేటప్పుడు ఒకామె వినోద చెయ్యి పట్టుకుని, కాసేపు వదల్లేదు.

తాళంచెవి ఇంకా సోమలింగం బొడ్లోనే ఉంది. పోలీసులు వచ్చేలోపు అది తెచ్చి ఇమ్మని శేఠ్ మనిషిని పంపాడు. ఆ మనిషి మంచం ముందు నిలబడి చాలాసేపు అడిగాడు, అరిచాడు, సైగలు చేశాడు. సోమలింగం కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. పాపం, ఆయనకేమీ వినపడలేదు.

రవీంద్ర వంటింటి గడప మీద గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. ముందురోజు సాయంత్రం రుచిత వెనక నుంచి పిలిచింది. గట్టిగా పిలిచింది. అతను తిరగలేదు. ఇప్పుడు వినోద అతని వెనక నిలబడింది. ఇన్నేళ్ళు చెయ్యని పని చేసింది. "రవీంద్రా" అని పిలిచింది.

అతను తిరగలేదు.

ఆమె వెళ్ళి ఎదురుగా కూర్చుంది. సాంచాల మధ్య కారీగర్లు మాట్లాడుకునే పద్ధతి ఒకటుంది. గొంతు వాడరు. పెదవులతో ఒక్కో మాటా విడివిడిగా చేసి చూపిస్తారు. నర్సింగం ఇంట్లో కూడా అలాగే మాట్లాడేవాడు, ఆమె నవ్వేది. ఇప్పుడు ఆమె పెదవులతో అడిగింది. చాయ్ తాగుతవా?

రవీంద్ర తల ఊపాడు. తర్వాత అతనూ గొంతు లేకుండా పెదవులతో అన్నాడు. నిన్న నీ మాట విన్న అవ్వా. గదే ఆఖరిది.

ఆమె టీ తెచ్చి అతని చేతికి ఇచ్చింది. గ్లాసు చుట్టూ అతని వేళ్ళు పది నిమిషాలు ఊరికే ఉన్నాయి. దేన్నీ ముడేయలేదు.